ఇల్లు మనదే, కాగితం ఎవరి పేర?

గత సంవత్సరం ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుండగా మా పూర్వ విద్యార్థి ఒకడు ఎదురొచ్చి సలాం చేశాడు. దేవరకొండ దిక్కు పల్లెవాడు. చిన్నప్పుడు మా వద్ద ఖాయిదా చదివిన పిల్లవాడు ఇప్పుడు కరెంటు పని చేసుకుంటూ ఇద్దరు బిడ్డల తండ్రి అయ్యాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో మడతలు పడి అంచులు రాలిపోతున్న పాత స్టాంపు కాగితం.

"మౌల్వీ సాబ్, గిది జర చదివి పెట్టుండ్రి. ఇందుల ఏమున్నదో తెలుగుల రాసుక రమ్మన్నరు బ్యాంకోల్లు" అన్నాడు.

ఉర్దూ చదవగల పెద్దలు ఊళ్లలో తగ్గిపోయిన కొద్దీ ఇలాంటి కాగితాలు మా వంటి వారి వద్దకు రావడం ఎక్కువైంది. నిజాం కాలంలో భూమి లెక్కలు, బైనామాలు ఉర్దూలోనే ఉండేవి కదా! ఆ కాగితంలో ఆ యువకుని తాత ఇంటి జాగా కొన్న సంగతి ఉంది. నాలుగు హద్దులు స్పష్టంగా రాశారు. ధర హాలీ సిక్కా రూపాయలలో ఉంది. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరివి నిశానీలు. సంవత్సరం 1355 ఫసలీ. దానికి 590 కలుపుకుంటే 1945 వస్తుంది.

మేము తర్జుమా చేసి ఇచ్చాం. రెండు వారాలకు అతడు దిగులు ముఖంతో తిరిగి వచ్చాడు. ఫసలీ సంవత్సరం చూసి బ్యాంకులోని కుర్ర అధికారి "1955 అని రాయబోయి 1355 అని రాశారా?" అని అడిగాడట. అది నవ్వుకుని వదిలేయదగిన సంగతి. అసలు దెబ్బ వేరే ఉంది. అప్పు ఇవ్వలేమన్నారు. కాగితం రిజిస్టరు కాలేదన్నారు. ఇంటి పన్ను రశీదు చనిపోయిన తండ్రి పేరిట ఉందన్నారు. తల్లి, తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్ల సంతకాలు లేవన్నారు. వాటికి తోడు, పదిహేను లక్షలు చేస్తుందని అతడు అనుకున్న ఇంటికి వాల్యుయర్ కట్టిన విలువ తొమ్మిది లక్షల అరవై వేలే. ఎనభై ఏళ్లుగా ఆ కుటుంబం ఆ ఇంట్లో పుట్టి, పెరిగి, చనిపోతూ వచ్చింది. ఒక్కరైనా "ఈ ఇల్లు మీది కాదు" అన్నవారు లేరు. అయినా కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆ ఇల్లు ఎవరిదీ కాకుండా పోయింది!

ఇది ఒక్క ఇంటి కథ కాదు. పాత నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, అంటే 2016 తర్వాత సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆపైన 2019లో నారాయణపేట అని విడివడిన ప్రాంతమంతటా, పల్లెల్లో తరచూ వినిపించే కథే. అందుకే ఈ వారం దీని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాం.

వడ్డీ మాట

ముందుగా ఒక సంగతి. వడ్డీతో కూడిన అప్పు తీసుకోవచ్చునా అన్న ప్రశ్న మన పాఠకుల మనసులో తప్పక మెదులుతుంది. వడ్డీ హరామ్ అన్న విషయంలో సందేహం లేదు. నిలువ నీడ లేనివాడి అవసరం గురించి ఉలమాలు వేర్వేరు షరతులతో మాట్లాడారు. దాన్ని తేల్చే స్థానం ఈ వ్యాసం కాదు. ఎవరి పరిస్థితి వారు తమకు నమ్మకమైన ముఫ్తీ గారికి విన్నవించి అడగాలి. అయితే అప్పు జోలికి వెళ్లని వానికీ ఇంటి కాగితం కావలసిందే. వాటా పంచాలన్నా, బిడ్డకు హిబా చేయాలన్నా, ప్రభుత్వ సహాయం పొందాలన్నా మొదటి ప్రశ్న ఒక్కటే: జాగా ఎవరిది?

మన రాష్ట్రంలో 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకాన్నే చూడండి. ఇది అప్పు కాదు, ఐదు లక్షల సహాయం. పునాదికి ఒక లక్ష, గోడలకు ఒక లక్ష, స్లాబుకు రెండు లక్షలు, పూర్తయ్యాక ఒక లక్ష. 2025 ఫిబ్రవరి 21న నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముఖ్యమంత్రి ఇళ్లకు శంకుస్థాపన చేశారు. తొలి విడతలో సొంత జాగా ఉన్నవారికే ప్రాధాన్యం. 400 చదరపు అడుగులకు తగ్గకుండా కట్టాలి. ఆ సొమ్ముతో ఇల్లు ముగియకపోతే మిగిలిన దానికి మళ్లీ బ్యాంకు గడపే ఎక్కాలి. కేంద్రం 2016లో ప్రారంభించిన గ్రామీణ ఆవాస్ యోజన సైతం సహాయానికి తోడు 70,000 రూపాయల వరకు బ్యాంకు అప్పు తీసుకునే వీలు కల్పించింది. పల్లె ఇళ్ల కోసం రెండు లక్షల వరకు అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ పథకాన్ని 2017లో తెచ్చింది. పథకాల పేర్లు మారుతుంటాయి, గడప మాత్రం అదే.

బ్యాంకు ఏమి చూస్తుంది?

బ్యాంకు రెండు రిపోర్టులు తెప్పించుకుంటుంది. ఒకటి వకీలు ఇచ్చేది, రెండోది వాల్యుయర్ ఇచ్చేది. రెండింటి ఫీజూ మనమే కట్టాలి. అప్పు రాకపోయినా ఆ ఫీజు సాధారణంగా తిరిగి రాదు.

వకీలు చూసేది హక్కు. ఇప్పుడున్న యజమానికి ఈ ఆస్తి ఎవరి నుండి వచ్చింది, వారికి ఎవరి నుండి వచ్చింది అని వెనక్కి వెళతాడు. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఫైలు ఆగుతుంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈసీలో ఏ తనఖాలు ఉన్నాయో చూస్తాడు. పంచాయతీ అనుమతి అడుగుతాడు. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు చూపించి "ఇంతకంటే ఏం కావాలి?" అంటారు. ఆ ఇంట్లో మనం ఉంటున్నామని మాత్రమే ఆ కాగితాలు చెబుతాయి. ఇల్లు మనదని చెప్పవు. వంద రూపాయల విలువ దాటిన స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రీ కావాలన్నది చట్టం. 'సాదా బైనామా' అనే మాట మన ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చిందే. సాదా అంటే ఉత్త, బైనామా అంటే అమ్మకపు పత్రం. పేరులోనే దాని బలహీనత ఉంది.

వాల్యుయర్ చూసేది ధర. అతడు జాగాకు ఒక లెక్క, కట్టడానికి ఒక లెక్క వేస్తాడు. మట్టి, రాయి కలిపి కట్టిన గోడలూ, బండలు పరిచిన మిద్దెలూ ఎంత చల్లగా ఉన్నా పుస్తకం లెక్కలో పాతవే. కట్టి ఎన్నేళ్లయిందో చూసి ఏటికింత అని తరుగు తీసేస్తాడు. చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాలు చూస్తాడు. పల్లెల్లో ధర సగం కాగితం మీద, సగం చేతిలో నడుస్తుంది కనుక కాగితం మీద కనబడేది తక్కువ. అందుకే పదిహేను లక్షల ఇల్లు తొమ్మిదిన్నర లక్షలకు దిగింది. ముప్పై లక్షల లోపు ఇంటి అప్పులకు ఆస్తి విలువలో 90 శాతం వరకు ఇవ్వవచ్చునని రిజర్వు బ్యాంకు అనుమతించింది. కాని ఆ 90 శాతం వాల్యుయర్ రాసిన విలువ మీదనే, మనం అనుకున్న విలువ మీద కాదు. అదీ గరిష్ఠ పరిమితే గాని హామీ కాదు. రాబడిని బట్టి ఇంకా తగ్గుతుంది. ముంబాయిలోనో గల్ఫులోనో కూలికి పోయి సంపాదించేవాడు తన రాబడిని ఏ కాగితంతో చూపగలడు?

కొన్ని జాగాల సంగతి

కొందరు ఊరి అంచున రెండు గుంటల పొలం కొని ఇల్లు కట్టుకున్నారు. ఆ భూమి రికార్డులో ఇంకా వ్యవసాయ భూమే. బాకీ ఎగ్గొడితే కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం 2002 నాటి సర్ఫాయెసీ చట్టం బ్యాంకులకు ఇచ్చింది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకని బ్యాంకులు అటువంటి జాగాపై ఇంటి అప్పుకు ముందుకు రావు. ముందు నాలా మార్పిడి చేయించుకోవాలి. ఆ తర్వాతే ఇంటి మాట.

ఇనాం భూమి అయితే 1955 నాటి ఇనాముల రద్దు చట్టం కింద ఇచ్చిన ఓఆర్‌సీ ఉందా అని అడుగుతారు. ప్రభుత్వం అసైన్ చేసిన జాగాను అమ్మడం, కొనడం 1977 నాటి చట్టం నిషేధించింది. అయితే బ్యాంకులకు తనఖా పెట్టడానికి అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆ సంగతి తెలియక 'అసైన్డ్' అన్న మాట వినగానే వెనక్కి తిరిగి వచ్చేవారు ఉన్నారు. ఇక వక్ఫ్ జాగా. దాన్ని అమ్మడానికీ లేదు, తనఖా పెట్టడానికీ లేదు. దర్గా పక్కనో, ఖబరస్తాన్ అంచునో చౌకగా వచ్చిందని జాగా కొనే ముందు మన సోదరులు ఈ మాట జ్ఞాపకం ఉంచుకోవాలి. అక్కడ డబ్బూ పోతుంది, అల్లాహ్ ఆస్తిని ఆక్రమించిన పాపమూ మిగులుతుంది.

కాగితం ఇవ్వనివారే కాగితం అడిగితే?

ఇంతవరకు చెప్పినవి చట్టాలు. ఇప్పుడు న్యాయం మాట. నిజాం కాలపు సర్వేలో పొలాలకు ఒక్కొక్క దానికి సర్వే నంబరు వేశారు. శిస్తు వచ్చేది పొలం నుండి కదా! ఇళ్లున్న ఆబాదీని, అంటే గ్రామకంఠాన్ని, విడివిడిగా కొలవకుండా ఒకే ముక్కగా వదిలేశారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ప్రభుత్వాలు పొలానికి పట్టా, పాసుపుస్తకం ఇచ్చాయి గాని, ఊళ్లోని ఇంటికి అలాంటిది ఇవ్వలేదు. ఇవ్వని కాగితం చూపలేదని ఇప్పుడు పేదవాడిని గడప నుండే పంపివేయడం ఏం న్యాయం? తరతరాలుగా ఊళ్లో ఉన్నవాని ఇంటికంటే, నిన్న మొన్న పట్టణంలో కొన్న ప్లాటుకు విలువ ఎక్కువ కావడం వెనుక ఉన్నది ఈ కాగితమే.

దీనికి మందు లేకపోలేదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం ప్రారంభించింది. డ్రోన్లతో ఊళ్లను కొలిచి ఇంటింటికీ ఆస్తి కార్డు ఇవ్వడం దాని ఉద్దేశం. 2025 జనవరి 18న ఒక్కరోజే పది రాష్ట్రాల్లో, రెండు కేంద్రపాలిత ప్రాంతాల్లో 65 లక్షలకు పైగా కార్డులు పంచారు. ఆ పది రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. 2020లోనే అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయేతర ఆస్తులకు మెరూన్ రంగు పాసుపుస్తకాలు ఇస్తామని చెప్పి పంచాయతీ కార్యదర్శులను ఇంటింటికీ పంపింది. కార్యదర్శి వచ్చి వివరాలు రాసుకున్నది మా వీధిలో అందరికీ గుర్తుంది. పుస్తకం వచ్చిన ఇల్లు మాత్రం మా ఎరుకలో ఒక్కటీ లేదు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలో ఆబాదీ, గ్రామకంఠం స్థలాలకు కూడా హక్కుల రికార్డు తయారుచేసే వీలుంది. దాని తొలి ప్రయోగానికి ఎంచుకున్న నాలుగు మండలాల్లో ఒకటి నారాయణపేట జిల్లా మద్దూరు. పొలాల తగాదాలు తీర్చడంతో పాటు ఊరి ఇళ్లకూ హద్దులు కొలిచి కాగితం ఇవ్వాలని మేము కోరుతున్నాం. ఇల్లు కట్టుకోమని ఐదు లక్షలు ఇవ్వగల ప్రభుత్వానికి ఆ ఇల్లు నీదే అని రాసివ్వడం భారమా?

చెల్లెళ్ల సంతకం

ప్రభుత్వాన్ని అడిగాం. ఇక మన లోపాన్ని కూడా చూసుకుందాం. మా విద్యార్థి ఫైలులో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది రిజిస్ట్రీ లోపం కాదు, చెల్లెళ్ల సంతకం మాట.

"సంతకాలకేమున్నది మౌల్వీ సాబ్! పండుగకు వస్తరు గద, వకీలు రాసిచ్చిన కాయితం మీద పెట్టిస్త" అన్నాడతడు. ఆ కాగితం చూపించాడు. అది హక్కు విడుదల పత్రం. తండ్రి ఇంట్లో తమకు ఏ వాటా అక్కర లేదని, ఏ ప్రతిఫలం లేకుండా వదులుకుంటున్నామని ఇద్దరు ఆడబిడ్డలు రాసివ్వాలి!

అతడు చెడ్డవాడు కాడు. చెల్లెళ్ల పెళ్లికి అప్పులు చేసినవాడే. అందరూ చేస్తున్నదే తానూ చేయబోతున్నాడు. కాని ఖురాన్‌లో తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచివెళ్లిన ఆస్తిలో పురుషులకు వాటా ఉందని చెప్పిన చోటనే స్త్రీలకూ వాటా ఉందని, అది కొద్దిదైనా ఎక్కువైనా నిర్ణయమైన వాటా అని చెప్పబడింది. పెళ్లికి పెట్టిన ఖర్చు వరాసత్‌కు బదులు కాదు. పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ అన్న ముఖం చూసి, "కాదంటే రేపు ఈ గడప తొక్కనిస్తారా?" అన్న భయంతో పెట్టే సంతకాన్ని సమ్మతి అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

మేము అతడిని కూర్చోబెట్టి, వాల్యుయర్ రిపోర్టు చేతికి తీసుకున్నాం. "నీకు నష్టం చేసిందని తిట్టుకున్న ఈ కాగితమే నీ చేత ఒక మంచి పని చేయిస్తుంది" అన్నాం. ఇంటికి విలువ తెలియదు గనుక వాటా ఎలా ఇవ్వాలన్నది మన ఇళ్లలో పాత సాకు. ఇప్పుడు విలువ కట్టి ఉంది: 9,60,000. తాతకు అతని తండ్రి ఒక్కడే సంతానం, తాతా నానమ్మలు ఆయన కంటే ముందే పోయారు. లెక్క సులభం. ముందుగా తండ్రి అప్పులు, తల్లికి చెల్లించని మహర్ ఉంటే అది తీసివేయాలి. మహర్ కూడా అప్పే అన్నది చాలామంది మరిచిపోతారు. అది తల్లికి తండ్రి బతికి ఉన్నప్పుడే ముట్టిందట, వేరే బాకీలు కూడా లేవట. ఇక తల్లికి ఎనిమిదో వంతు, 1,20,000. మిగిలిన 8,40,000లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. ఇద్దరు కొడుకులకు ఒక్కొక్కరికి 2,80,000, ఇద్దరు కూతుళ్లకు ఒక్కొక్కరికి 1,40,000.

అతడు చాలాసేపు ఆ అంకెలు చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్కొక్కలకు లక్షా నలభై వేలా? నేను ఊకెనే సంతకం పెట్టియ్యబోతుంటి" అన్నాడు.

దారులు ఉన్నాయి. వాటా సొమ్ము ముట్టజెప్పి, అది ముట్టినట్లు రాసి విడుదల పత్రం రిజిస్టరు చేయించుకోవచ్చు. ఒక్కసారి ఇవ్వలేకపోతే గడువులు పెట్టుకుని రాసుకోవచ్చు. లేదా చెల్లెళ్లు హక్కు వదులుకోకుండానే సహ యజమానులుగా తనఖాకు సమ్మతించవచ్చు. కాని కిస్తులు ఆగితే వారి వాటా కూడా బ్యాంకు పాలవుతుందని వారికి ముందే చెప్పాలి. వరుసగా తొంభై రోజులు బాకీ నిలిస్తే అప్పు మొండి బాకీ అవుతుంది. ఆపై అరవై రోజుల నోటీసుతో బ్యాంకు స్వాధీనానికి రావచ్చు. ఈ సంగతి దాచి తీసుకున్న సంతకం అమానత్‌లో ఖియానత్ అవుతుంది.

మనం చేయవలసినవి

మొదటిది, ఇంటి పెద్ద బతికి ఉండగానే కాగితం సరిచేసుకోవడం. మన ధర్మశాస్త్రంలో నోటి మాటతో చేసిన హిబా చెల్లుతుంది. ఇచ్చినట్లు చెప్పడం, పుచ్చుకున్నవారు ఒప్పుకోవడం, ఆస్తి స్వాధీనం చేయడం అన్న మూడూ ఉంటే చాలునని, దాన్ని కాగితం మీద పెట్టినంత మాత్రాన రిజిస్ట్రీ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు కూడా 2011లో హఫీజా బీబీ కేసులో చెప్పింది. కాని కోర్టులో చెల్లడం వేరు, బ్యాంకులో చెల్లడం వేరు. నోటి మాట ఈసీలో కనబడదు. హిబాను రిజిస్టరు చేయించడమే మేలు.

రెండవది, పెద్దలు పోయిన ఇంట్లో నలభై రోజులకు బిర్యానీలు వండే ముందు వారసుల పేర్లు రాసుకోవడం. తహసీల్దారు కార్యాలయం నుండి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని పంచాయతీ రికార్డులో పేర్లు మార్పించాలి.

మూడవది, ఉర్దూ కాగితాలను పారవేయకపోవడం. చెదలు పట్టకముందే ఫోటో తీసి, చదవగలవారి చేత తర్జుమా రాయించి దగ్గర ఉంచుకోవాలి.

నాలుగవది, ఫీజు కట్టే ముందే బ్యాంకును కావలసిన కాగితాల జాబితా అడగడం. అప్పు నిరాకరిస్తే ముఖ్య కారణాన్ని రాసి ఇవ్వమని అడిగే హక్కు మనకు ఉంది. వినకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అప్పు తీరిన తర్వాత అసలు దస్తావేజులను 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఇది 2023 డిసెంబరు 1 నుండి అమల్లో ఉంది.

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం ఏ విషయం గురించో మన పిల్లలను అడిగి చూడండి. నమాజు గురించీ కాదు, ఉపవాసం గురించీ కాదు. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే వాక్యం అది. అటువంటి ఉమ్మత్ ఇళ్లలో కాగితాలు లేకపోవడం విచారకరం కాదా?

మా విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాం. అతనికి అప్పు ఇంకా మంజూరు కాలేదు. మొదటి బైనామాకు రిజిస్ట్రీ లేని లోపం అలాగే ఉంది. దానికి వకీలు ద్వారా ప్రయత్నం సాగుతున్నది. కాని మొన్న బక్రీదుకు చెల్లెళ్లు వచ్చినప్పుడు విడుదల పత్రం బయటకు తీయలేదు. అన్నదమ్ములిద్దరూ పంపకం కాగితం ఒకటి రాసి, గడువులు వేసి, చెరి ఇరవై వేలు చెల్లెళ్ల చేతిలో పెట్టారు. పెద్ద చెల్లెలు ఆ కాగితం చదివించుకుని, "అన్నా, గీ ఇంట్ల నా పేరు గూడ ఉన్నదా?" అని అడిగిందట.

ఆ ప్రశ్న మన ప్రతి ఇంట్లో ఏదో ఒక ఆడబిడ్డ అడగకుండా మింగుకున్నదే. అప్పు వచ్చినా రాకపోయినా దానికి "ఉన్నది" అని జవాబు చెప్పగల కాగితం మన ఇళ్లలో ఉండేలా అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.